సిలబస్ అయింది, పిల్లే మిగిలిపోయింది

ఆదోని, కోసిగి వైపు పల్లెల్లో జనవరి వస్తే చాలా ఇళ్లకు తాళాలు కనిపిస్తాయి. మిర్చి కోతలకని కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు వైపు వెళ్లిపోతాయి. అవ్వాతాతల దగ్గర వదిలే వీలుంటే పిల్లలు ఊళ్లోనే ఉంటారు. సీజనల్ హాస్టల్ నడుస్తుంటే అందులో చేరతారు. రెండూ లేకపోతే అమ్మానాన్నల వెంట చేలగట్లకు పోతారు. అలా వెళ్లి రెండు మూడు నెలలకు తిరిగొచ్చిన మూడో తరగతి పిల్లను ఊహించుకోండి. వెళ్లేటప్పుడు ఆ పిల్ల ఒత్తుల దగ్గర తడబడుతోంది. వచ్చేసరికి క్లాసు చివరి పాఠాలకు చేరింది. హాజరు పట్టీలో ఆమె పేరుంది, మధ్యాహ్న భోజనంలో ఆమె వంతు గుడ్డుంది. జరుగుతున్న పాఠంలో మాత్రం ఆమెకు చోటు లేదు.

సహిత విద్య, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలూ అందరితో కలిసి ఒకే బడిలో చదవడం, అనగానే మనకు ర్యాంపు, చక్రాల కుర్చీ, అలాంటి పిల్లల కోసం మండల కేంద్రంలో నడిచే భవిత కేంద్రం గుర్తొస్తాయి. అవి కావాల్సినవే, ఇప్పటికీ చాలా బడుల్లో సరిగా లేనివే. అయితే ర్యాంపు ఎక్కి లోపలికొచ్చిన బిడ్డకు క్లాసులో ఏం జరుగుతోందన్నది వేరే సంగతి. నేను చూసినంతలో పిల్లల్ని బయటికి నెట్టేది గడప కాదు, సిలబస్ క్యాలెండర్. నలభై మంది ఒకే రోజు ఒకే పేజీ తిప్పాలని నియమం పెట్టాక ఎవరో ఒకరు మిగిలిపోకుండా ఎలా ఉంటారు? వినికిడి తక్కువున్న బాబు, ఇంట్లో కోయ మాట్లాడే పాప, అక్షరాలు తిరగేసి రాసే పిల్లాడు, మిర్చి కోతల నుంచి వచ్చిన పిల్ల, అందరి ఇబ్బందీ అక్కడే మొదలవుతుంది.

ఈ చిక్కుముడి చట్టంలోనే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరు విధులను వరసగా చెబుతుంది. నిర్ణీత గడువులోగా మొత్తం పాఠ్యప్రణాళిక పూర్తి చేయాలంటుంది ఒక క్లాజు. ప్రతి బిడ్డ నేర్చుకునే శక్తిని అంచనా వేసి, అవసరమైన మేరకు అదనంగా బోధించాలంటుంది దాని కిందిది. రెండూ మంచి మాటలే. కానీ అదే చట్టం 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లనిచ్చింది. అంటే ఐదు తరగతులకు ఇద్దరు. అందులో ఒకరు ట్రైనింగ్‌కో, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌కో వెళ్తే మిగిలేది ఒక్కరే. మరి ఆ ఒక్కరు ఏ క్లాజును పాటిస్తారు? తనిఖీకి వచ్చినవాళ్లు ‘ఏ పాఠం నడుస్తోంది?’ అని అడుగుతారు గానీ, ‘ఈ పిల్ల ఎక్కడుంది?’ అని అడగడం అరుదు. కాబట్టి టీచరు పాఠాన్నే నడుపుతారు. ఆయన్ని తప్పుపట్టడం తేలిక, న్యాయం మాత్రం కాదు.

దీనికి జవాబు మన దగ్గరే, మదనపల్లె పక్కనే, ఎప్పుడో దొరికింది. జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ పేరు వినగానే చాలామందికి ఖరీదైన రెసిడెన్షియల్ స్కూలే గుర్తొస్తుంది. ఆ లోయ చుట్టుపక్కల పల్లెల్లో నడిచిన చిన్న బడుల సంగతి తక్కువమందికి తెలుసు. 1980ల చివర్లో పద్మనాభరావు, రమ దంపతులు ఆ బడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. ఒకే గది, ఒకే టీచరు, ఐదు తరగతుల పిల్లలు. ఆ పరిస్థితిని లోటుగా చూస్తూ కూర్చోకుండా పాఠ్యపుస్తకాన్నే విప్పేశారు. పాఠాలను చిన్న చిన్న పనులుగా విడగొట్టి కార్డుల మీదికి ఎక్కించారు. ప్రతి కార్డుకూ ఒక బొమ్మ గుర్తు, ఒక నంబరు. గోడ మీద నిచ్చెన లాంటి పటం. పిల్ల వచ్చి పటంలో తన మెట్టు చూసుకుంటుంది, అరలోంచి కార్డు తీసుకుంటుంది, ఆ పనికి తగ్గ గుంపులో కూర్చుంటుంది. ఒక గుంపు టీచరు దగ్గర, ఒకటి కొంచెం సాయంతో, ఒకటి తోటి పిల్లలతో, ఇంకొకటి ఎవరికి వారుగా. ప్రతి మజిలీలో ముందు పరిచయం, తర్వాత అభ్యాసం, ఆపైన చిన్న పరీక్ష. వస్తే ఇంకాస్త పై పని, రాకపోతే మళ్లీ నేర్చుకునే పని. ఎవరూ ఫెయిల్ కారు, ఎవరి కోసమూ ఎవరూ ఆగరు.

మిర్చి పిల్లను ఇప్పుడు ఈ గదిలోకి తీసుకురండి. మూడు నెలల తర్వాత వచ్చినా ఆమె కార్డు అరలో అలాగే ఉంటుంది. ఒత్తుల దగ్గర ఆగింది కదా, ఒత్తుల దగ్గరే మొదలుపెడుతుంది. పక్కన అదే మెట్టు మీద రెండో తరగతి పిల్లాడు ఉండొచ్చు. ఆ గదిలో అన్ని వయసులూ కలిసే కూర్చుంటాయి కాబట్టి అది ఎవరికీ నామోషీ అనిపించదు. ‘స్లో లర్నర్’ అని ఎర్ర సిరాతో రాసుకోవాల్సిన పనే ఉండదు.

ఈ పద్ధతి పక్క రాష్ట్రాల్లో నాటుకున్నంతగా మన దగ్గర నాటుకోలేదు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటలో యునిసెఫ్ సాయంతో ‘నలి-కలి’ (ఆనందంగా నేర్చుకో) పేరుతో మొదలై, తర్వాత కర్ణాటక అంతటా చిన్న తరగతులకు వెళ్లింది. 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో మొదలై, కొన్నేళ్లకే తమిళనాడు ప్రాథమిక పాఠశాలలన్నింటికీ చేరింది. మన సీనియర్ టీచర్లకు ఏపీపెప్ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) శిక్షణలు గుర్తుండే ఉంటాయి. బ్రిటన్ సాయంతో నడిచిన ఆ ప్రాజెక్టు కూడా కృత్యాల ద్వారా నేర్పమనే చెప్పింది. నిధులతో పాటే ఆ ఊపూ పోయింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి కొత్త కార్యక్రమాన్నీ టీచర్లు ‘ఇదెన్నాళ్లుంటుందో’ అన్నట్టే చూడటంలో ఆశ్చర్యమేముంది?

పక్కవాళ్ల దగ్గర అంతా సవ్యంగా సాగిందనీ కాదు. పల్లె బడిలో ఇద్దరు ముగ్గురు ప్రేమగా చేసిన పనిని జీఓతో వేల బడులకు పంపితే ఏమవుతుందో అదే చాలాచోట్ల అయింది. కార్డులు నలిగాయి, కొత్తవి రాలేదు. నిచ్చెన ఎక్కించడమే ఇంకో సిలబస్‌గా మారింది. కాపీ పుస్తకం నింపించని బడి ఏం బడి అని తల్లిదండ్రులు గొణిగారు. తెలంగాణ 2022లో తెచ్చిన తొలిమెట్టులోనూ ఉద్దేశం మంచిదే: పిల్ల స్థాయి చూసి చదవడం, రాయడం, చతుర్విధ ప్రక్రియలు నేర్పడం. అయితే పాత క్యాలెండర్‌ను కదపకుండా దాని పక్కనే కొత్తది పెడితే టీచరుకు రెండు లెక్కలు అప్పజెప్పినట్టే.

కార్డుల నిచ్చెన ఒక్కటే అందర్నీ ఎక్కించలేదని కూడా ఒప్పుకోవాలి. చూపు లేని బిడ్డకు బొమ్మ కార్డు వట్టి అట్టముక్క. బ్రెయిలీ కావాలి, అది నేర్పే మనిషి కావాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం పాత 7 రకాల వైకల్యాలను 21కి పెంచింది, ఆటిజం, డిస్లెక్సియా వంటివి అందులోకి వచ్చాయి. ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర ఆ భారమంతా మోస్తున్నది చాలీచాలని జీతంతో పనిచేసే ఐఈఆర్‌పీలు, అంటే సహిత విద్య రిసోర్స్ పర్సన్లు. వాళ్లు పిల్లాడిని పక్కకు తీసుకెళ్లి గంటసేపు ఓపిగ్గా నేర్పుతారు. ఆ గంట అయ్యాక పిల్లాడు తిరిగొచ్చి కూర్చునేది మళ్లీ క్లాసులో నడుస్తున్న పాఠంలోనే. స్పెషల్ టీచరూ క్లాసు టీచరూ ఒకే నిచ్చెన చూసి మాట్లాడుకోకపోతే ఆ గంట ఆ గదిలోనే ఆగిపోతుంది.

భాష సంగతీ అంతే. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కోయ, గోండి, కొలామి వంటి 8 భాషల్లో గిరిజన పిల్లలకు వాచకాలు తయారయ్యాయి. ఇంటి భాషలో మొదలై మెల్లగా తెలుగులోకి రావడమన్నది కూడా ఒక నిచ్చెనే. ఆ మెట్లు పూర్తిగా కట్టకముందే ఇంగ్లిష్ మీడియం అంతస్తు లేపాం.

ఇప్పుడు చేయగలిగిందేమిటంటే, ఒకటో, రెండో తరగతులకు నెలవారీ పాఠాల గడువు ఎత్తేయడం. రెండో తరగతి చివరికి ఏం రావాలో చెప్పి, మధ్యలో దారి టీచరుకు వదిలేయడం. తనిఖీ ఫారంలో ‘పూర్తయిన పాఠాలు’ గడి తీసేసి, నలుగురైదుగురు పిల్లల పేర్లూ వాళ్లు ఏ మెట్టు మీద ఉన్నారన్నదీ రాయించడం. వలస వెళ్లే పిల్ల చేతికి ఒక కార్డు ఇవ్వడం: గుణింతాలు వచ్చాయి, ఒత్తుల్లో సగం వచ్చాయి, కూడికలు వచ్చాయి, తీసివేతలో అరువు రావాలి, అని. పల్నాడులో ఏ చేను పక్క బడికి వెళ్లినా అక్కడి టీచరు ఆ కార్డు చూసి, ‘రా అమ్మా, ఇక్కణ్నుంచి మొదలుపెడదాం’ అనగలగాలి.