పుట్టినరోజు పొద్దున మొదలవుతుంది

పోయినేడు జనవరిలో మా అబ్బాయికి 19 ఏళ్లు నిండాయి. వాడు వరంగల్‌లో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇంటికి దూరంగా వాడి మొదటి పుట్టినరోజు అది. సరిగ్గా అర్ధరాత్రి 12 గంటలకు హాస్టల్‌కు చేరేలా ఫోన్‌లో కేకు ఆర్డర్ పెట్టాను. పిన్నులు, బాబాయిలు, వాళ్ల పిల్లలు అంతా కలిసి పదకొండు మందిమి వీడియో కాల్‌లోకి వచ్చాం. కేకు మాత్రం గేటు దాటలేదు. ఆ వేళకు బయటి పార్సిల్ లోపలికి రానివ్వరట. వాడు చెవులకు మఫ్లర్ చుట్టుకొని మెట్ల మీద కూర్చున్నాడు. గదిలో పడుకున్నవాళ్లు లేస్తారేమోనని గొంతు తగ్గించి ఒక్కొక్కరికీ థ్యాంక్యూ చెప్పాడు. పొద్దున 9 గంటలకు వాడికి ల్యాబ్ పరీక్ష. పోతూ పోతూ గేటు దగ్గర డబ్బా తెరిచి చూస్తే కేకు నిండా చీమలు.

చీమల సంగతి వాడు మరిచిపోయాడు. నాకు మాత్రం ఆ మఫ్లర్ కళ్లముందు నుంచి పోలేదు. ఆ చలిలో, ఆ వేళకు వాడిని ఎందుకు కూర్చోబెట్టాం? నవంబర్‌లో ఇక్కడ అమెరికాలో మన గడియారాలు గంట వెనక్కి తిప్పాక ఇండియా మనకంటే పదిన్నర గంటలు ముందుంటుంది. అక్కడ అర్ధరాత్రి అంటే ఇక్కడ ఒంటిగంటన్నర, అంటే మన లంచ్ టైమ్. మనకు తీరిక దొరికిన వేళను వాడి పండుగ వేళ అనుకున్నాం.

అసలు మన లెక్కలో రోజు అర్ధరాత్రి మారదు. పంచాంగం ప్రకారం వారం మారేది సూర్యోదయంతోనే. నా చిన్నప్పుడు హనుమకొండలో పుట్టినరోజంటే తెల్లవారుజామున అమ్మ లేపి నూనె పెట్టి తలకు పోయడం, కొత్త బట్టలకు పసుపు బొట్టు పెట్టి ఇవ్వడం, గుడికి పోయి రావడం. మేం వేయిస్తంభాల గుడికి పోయేవాళ్లం. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం, అంటే మూడు గుళ్లు కలిసిన ఆలయం అది. శివుడు, విష్ణువుతో పాటు సూర్యుడికీ అక్కడ ఒక గుడి ఉండేదని నాన్న ప్రతిసారీ చెప్పేవాడు. అర్ధరాత్రి మేల్కొని ఉన్న జ్ఞాపకం ఒక్కటీ లేదు. లెక్క వేసి చూడండి, అక్కడ పొద్దున 7 గంటలంటే ఇక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. మనం భోజనాలు చేసి కూర్చునే వేళ, పిల్లవాడు నిద్ర లేచే వేళ. ఇద్దరికీ ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

ఈ ఏడు కేకు జోలికి పోలేదు. పది రోజుల ముందే హనుమకొండ కుమార్‌పల్లిలో ఉండే మా వదినకు ఫోన్ చేశాను. "నువ్వేం రంది పెట్టుకోకు, ముందురోజే మీ అన్నను పంపి పిలిపించుకుంట" అంది. అన్న స్కూటర్ మీద పోయి తీసుకొచ్చాడు. పొద్దున్నే వదిన వాడికి తలకు పోయించి, పీట మీద కూర్చోబెట్టి, మంగళహారతి ఇచ్చి, అక్షింతలు వేసింది. బియ్యం, బెల్లంతో పాశం వండింది.

సాయంత్రం వాళ్లింట్లో సకినాలు. సంక్రాంతికి మూడు రోజులే ఉంది కదా, వాడకట్టు ఆడవాళ్లంతా రోజుకొకరింట్లో చేరతారు. కొత్త బియ్యం పిండిలో నువ్వులు, వాము, ఉప్పు కలిపి, నేల మీద ఉతికిన ధోతీ పరిచి చుట్టూ కూర్చున్నారు. వదిన వాడి చేతిలో పిండిముద్ద పెట్టి, బొటనవేలుతో మెలితిప్పుతూ ఎట్లా వదలాలో చూపించింది. రెండో చుట్టు రాకముందే తెగింది. మళ్లీ మొదలుపెట్టాడు. ఇక్కడ పొద్దున ఆరున్నర, కిటికీ బయట మంచు. అక్కడ ఫోన్‌ను నూనె డబ్బాకు ఆనించి పెట్టారు. అరగంటసేపు నావైపు ఎవరూ చూడలేదు, నాతో ఎవరూ మాట్లాడలేదు. నాకు అంత తృప్తిగా ఉన్న పూట ఈ రెండేళ్లలో ఇంకొకటి లేదు.

ఒక తప్పు మాత్రం చేశాను. మరుసటి రోజు వదిన ఖాతాకు కొంత డబ్బు పంపాను. గంటలో ఫోన్ వచ్చింది. "పైసలెందుకు పంపినవ్? మేనల్లునికి బువ్వ పెట్టినందుకా?" గొంతులో కోపం కాదు, నొప్పి. దూరంగా ఉన్నవాళ్లం ప్రతిదానికీ డబ్బు పంపడం అలవాటు చేసుకున్నాం. అక్కడివాళ్లకు కావలసింది ముందే అడగడం, "నీ మీదనే వదిలేస్తున్న వదినా" అన్న ఒక్క మాట.

ఊళ్లో చుట్టాలు లేని పిల్లల సంగతేమిటని అడగవచ్చు. వరంగల్‌లో ఆర్‌ఈసీ (రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ), కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ 1959లోనే మొదలయ్యాయి, 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. ఆర్‌ఈసీ తర్వాత ఎన్‌ఐటీ అయింది, అన్ని రాష్ట్రాల నుంచీ పిల్లలు వస్తారు. పరాయి ఊరి పిల్లలు ఆ ఊరికి కొత్త కాదు. ఇక్కడి మన తెలుగు సంఘంలో హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వాళ్లం ఎంతమందిమి లేము? నా చుట్టాలింటికి మీ అమ్మాయి పుట్టినరోజున పోవచ్చు, మీ అక్క ఇంటికి ఇంకొకరి అబ్బాయి పోవచ్చు. ఏటా డిసెంబర్‌లో సంఘం తరఫున ఒక చిన్న జాబితా పెట్టుకుంటే చాలు. పిల్లల పేర్లు, పుట్టినరోజులు, అన్నం పెడతామన్న ఇళ్లు. ఆ పని నేను చూసుకుంటాను. వదిన తన పేరు ముందే రాయమంది. ఈసారి మావాడి వెంట వాడి గదిలో ఉండే అస్సాం అబ్బాయి కూడా వచ్చాడు. వాడికీ హారతి ఇచ్చింది, వాడు పాశం రెండుసార్లు పెట్టించుకున్నాడు.

ఫిబ్రవరిలో ఊరి నుంచి వచ్చినవాళ్లు ఒక స్టీలు డబ్బా తెచ్చి ఇచ్చారు. మూత మీద వదిన టేపు అంటించి "అన్నిటికన్న పైది వాడు సుట్టింది" అని రాసింది. ఇక్కడికి చేరేసరికి సకినాలన్నీ విరిగి కలిసిపోయాయి. ఏ ముక్క వాడిదో తెలియలేదు. అన్నీ తిన్నాను.