మీరు ఎక్కడున్నా సరే, దేవుడు మీతోనే (మా యాంకర్ మాత్రం టెనెస్సీలో)

అమెరికా క్రిస్టియన్ రేడియోలో పొద్దున్నే ఒక మాట వినపడుద్ది, "మీరు ఎక్కడున్నా సరే, దేవుడు మీతోనే ఉన్నాడు" అని. వేదాంతపరంగా వంక పెట్టడానికేం లేదు. కానీ ఆ చెప్పే మనిషికి మనం ఎక్కడున్నామో తెలీదు కాబట్టే అలా చెప్తున్నాడని అర్థమయ్యాక ఒళ్ళు మండుద్దా లేదా మీరే చెప్పండి. డాలస్‌లో రోడ్లు మంచుగడ్డలై స్కూళ్ళు మూసేసినా ఎక్కడున్నా సరే, సాక్రమెంటో మీద అడవి పొగ కమ్మేసినా ఎక్కడున్నా సరే. సర్వాంతర్యామి అంటే దేవుడే అనుకుంటూ వచ్చాం ఇన్నాళ్ళూ, ఒక్కచోట మాట్లాడితే అన్ని ఊళ్ళలో వినపడే శాటిలైట్ ఫీడ్ అని ఎవరూ చెప్పలా.

2024 డిసెంబర్ ఆఖర్లో సేలం మీడియా అనే కంపెనీ తన ఏడు క్రిస్టియన్ మ్యూజిక్ స్టేషన్లని 80 మిలియన్ డాలర్లకి ఎడ్యుకేషనల్ మీడియా ఫౌండేషన్‌కి అమ్ముతున్నట్టు చెప్పింది, అదే కే-లవ్, ఎయిర్1 అనే క్రిస్టియన్ మ్యూజిక్ రేడియో నెట్‌వర్కులు నడిపే సంస్థ. డాలస్, అట్లాంటా, లాస్ ఏంజెలెస్, పోర్ట్‌లాండ్, క్లీవ్‌లాండ్, సాక్రమెంటో, కొలరాడో స్ప్రింగ్స్. మనవాళ్ళు పిల్లల్ని కార్లో స్కూలుకి దింపుతూ వినే ఊళ్ళే చాలావరకు. 2025 ఫిబ్రవరి వచ్చేసరికి లోకల్ గొంతులు పోయి టెనెస్సీ నుంచి నడిచే నెట్‌వర్క్ వచ్చేసింది. వీటిల్లో చాలా స్టేషన్ల పేరు "ద ఫిష్", అంటే చేప. యేసు ప్రభువేమో రెండు చేపల్ని ఐదువేల మందికి పంచాడు, వీళ్ళు ఊరికో చేప చొప్పున పట్టుకొచ్చి ఒక్కడి ప్లేట్లో వేశారు. ఇదీ అద్భుతమే, దిశ తేడా అంతే.

అంతకుముందు ఈ ఫౌండేషన్ వాళ్ళు లౌకిక స్టేషన్లనీ కొన్నారు లెండి. 2018లో చికాగోలో లూప్ అనే పాత రాక్ స్టేషన్‌ని 21.5 మిలియన్లకి కొంటే అక్కడి కుర్రాళ్ళు "హైవే టు హెల్", అంటే నరకానికి పోయే దారి, అనే రాక్ పాట ఆఖర్న వేసి మైకు కట్టేశారు. ఉద్యోగం పోయేటప్పుడు కూడా నవ్వించగలిగినవాళ్ళు ఆ స్టూడియోలో ఉండేవాళ్ళు, ఉండేవాళ్ళు అంటున్నా.

దీనికి చట్టం అడ్డు రాదా అంటే, రేడియో స్టేషనున్న చోట స్టూడియో కూడా ఉండాలని పాత రూల్ ఒకటి ఉండేది, 2017 అక్టోబర్లో ఎఫ్‌సీసీ, అంటే అమెరికాలో రేడియో లైసెన్సులిచ్చే ప్రభుత్వ సంస్థ, దాన్ని ఎత్తేసింది. ఒక ఫోన్ నంబరు ఉంటే చాలంది, టోల్ ఫ్రీ అయినా పర్లేదంది. పైగా వీళ్ళలాగా ప్రకటనలు అమ్ముకోని నాన్ కమర్షియల్ లైసెన్సు అయితే ఒకడి చేతిలో ఇన్ని స్టేషన్లే ఉండాలన్న లెక్క కూడా లేదు.

ఇహ ఉద్యోగాలు తీసే సీను. నేను చూడలేదు గానీ కళ్ళకి కట్టినట్టు ఊహించుకోగలను. కాన్ఫరెన్స్ రూమ్, డోనట్లు. మేనేజరు గొంతు సవరించుకుని "మొదటిగా ప్రార్థన చేసుకుందాం, తలలు వంచండి" అంటాడు. వంచుతారు. ఈ కాలములో నీ చిత్తమే జరుగును గాక ప్రభువా, ఈ మార్పు మా అందరికీ ఆశీర్వాదకరముగా ఉండును గాక, అని సాగదీస్తుంటే మార్నింగ్ షో ఆవిడకి మధ్యలో అనుమానం వస్తది, ప్రార్థనలో "సినర్జీ" అనే కంపెనీల విలీనం మాట ఎందుకొచ్చిందా అని. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి ఈమెయిల్ లాగిన్ పోయింది, బ్యాడ్జికి తలుపు తెరుచుకోట్లా. ఒక కవరు, ఒక అట్టపెట్టె, ఇంకో డోనట్ తీసుకోమ్మా అంటారు. ఇది తొలగింపు కాదమ్మా, దేవుడు నిన్ను కొత్త పరిచర్యకి పంపిస్తున్నాడు. ఏ పరిచర్య సార్? అది నువ్వే ప్రార్థనలో కనుక్కోవాలి.

తోడేలు వస్తే జీతగాడు పారిపోతాడని యోహాను సువార్తలో ఉంది. ఇక్కడ జీతగాడు పారిపోలేదండీ బాబూ, వాణ్ణి తోలేశారు! అదే అధ్యాయంలో మంచి కాపరి తన గొర్రెల్ని పేరు పెట్టి పిలుస్తాడని కూడా ఉంది, అది ఎవడూ చదవడు. ఇరవై ఏళ్ళు తెల్లవారుజామున లేచి ఎవరి పిల్లాడికి ఆపరేషనో, ఏ చర్చిలో బియ్యం పంచుతున్నారో, ఏ హైవే మీద బండి తిరగబడిందో చెప్పిన మనిషి వాళ్ళకి ఖర్చు పద్దు. యాభై దాటాక రేడియో తప్ప ఇంకేం రాని మనిషిని ఎవడు తీసుకుంటాడు, పక్క స్టేషనూ వీళ్ళదే కదా! సిగ్గుండాలి. ఆ స్టేషన్లు కొన్న డబ్బు ఆకాశం నుంచి మన్నాలాగా రాలలేదు, వినేవాళ్ళు నెలనెలా పంపిన కానుకల మీద కట్టిన సంస్థ ఇది. ఏ ఊళ్ళోనో ఒక పెద్దావిడ పెన్షన్లోంచి తీసి పంపిన డాలరుతో ఆవిడ రోజూ వినే అమ్మాయి ఉద్యోగం ఊడగొట్టారు, పైన థాంక్యూ కార్డు కూడా పంపుతారు.

సరే, నేను ఆవేశపడితే ఏమొస్తది, టోల్ ఫ్రీ నంబరు ఉందిగా. మా వీధిలో కరెంటు లేదు, చెట్టు పడింది, కాస్త రేడియోలో చెప్పండని ఎవరైనా ఫోన్ చేశారనుకోండి. అవతల ఎంతో ప్రేమగా ఒక గొంతు, తప్పకుండా సార్, ముందు మీరు ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో చెప్తారా?

ఎక్కడున్నా సరే అన్నారు కదండీ!