నాన్న నెగెటివ్‌లూ, తమ్ముడి డీపీఐలూ

(కాకినాడలో పెంకుటిల్లు అమ్మేశారు. అటక మీది సామాన్లన్నీ ఎవరికి కావలసినవి వాళ్లు పట్టుకుపోగా నాన్నగారి ట్రంకుపెట్టె మిగిలింది. ఆయన కాలేజీలో జియాలజీ చెప్పేవారు. జీతంలో ఫిల్మ్ రోళ్ల కింద ఎంత పోయిందో ఈ అక్కాతమ్ముళ్ల అమ్మగారికే తెలియాలి. పెట్టె ఇప్పుడు తమ్ముడి హాల్లో ఉంది. అందులోని నెగెటివ్‌లనీ, అట్ట చట్రాల్లో బిగించిన స్లైడ్లనీ కంప్యూటర్లోకి ఎక్కించడానికి స్కానర్ కొనాల్సిందేనని తమ్ముడి పట్టు. డబ్బులు చెరిసగం కాబట్టి అక్క కూడా బస్సెక్కి వచ్చింది.)

అక్క: ఒరేయ్, ఈ పెట్టె పక్కన నిమ్మకాయ ఊరగాయ ఏమన్నా పెట్టావా? పుల్లగా కొడుతోంది.

తమ్ముడు: ఊరగాయ కాదక్కా, ఫిల్మే. పాత ఫిల్మ్ అసిటేట్ మీద చేసేవాళ్లు. తేమ, వేడి తగిలితే అది పాడై ఎసిటిక్ యాసిడ్ బయటికొస్తుంది. వెనిగర్‌లో ఉండేదే. ఒకదానికి మొదలైతే పక్కవాటికీ అంటుకుంటుంది.

అక్క: అంటుకుంటుందని తెలిసీ అన్నీ కలిపే ఉంచావా? ముందా కవరు తీసి విడిగా పెట్టు.

తమ్ముడు: అందుకే కదా తొందరపడుతున్నా! ఇదిగో, చిన్న స్క్రీన్ ఉన్న డబ్బా. స్లైడ్ దూర్చడం, బటన్ నొక్కడం, అంతే. కంప్యూటర్ కూడా అక్కర్లేదు. 22 మెగాపిక్సెళ్లు!

అక్క: అంత చవగ్గా ఎలా ఇస్తున్నాడు?

తమ్ముడు: లోపల ఉన్నది స్కానర్ కాదనుకో. ఓ బుల్లి కెమెరా, వెనకాల లైటు. సెన్సర్ 14 మెగాపిక్సెళ్లదే. మిగతా ఎనిమిదీ లోపలి సాఫ్ట్‌వేర్ ఊహించి పూరిస్తుంది.

అక్క: పధ్నాలుగు లీటర్ల పాలకి ఎనిమిది లీటర్ల నీళ్లన్నమాట. మా పాలబ్బాయి ఎంత నయం, ఈ లెక్కలో ఎన్నడూ పొయ్యలేదు.

తమ్ముడు: సరే, అది వద్దు. ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ 8200ఐ. అచ్చంగా ఫిల్మ్ కోసమే చేసింది. 7200 డీపీఐ, అంటే అంగుళానికి 7200 చుక్కలు! 8100 అని ఇంకోటుంది, కాస్త తక్కువకి వస్తుంది గానీ దానికి ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనబడని ఆ కాంతి, లేదు. ఈ చివరి 'ఐ' అదే. దుమ్మూ గీతలూ తనే కనిపెట్టి చెరిపేస్తుంది.

అక్క: ఎలా కనిపెడుతుంది?

తమ్ముడు: (ఉత్సాహంగా) రంగుల ఫిల్మ్‌లో బొమ్మంతా డైలతో, అంటే రంగు పదార్థాలతో ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్ వాటిలోంచి దూసుకుపోతుంది. దుమ్ము దగ్గర మాత్రం ఆగుతుంది. ఎక్కడ ఆగితే అక్కడ మచ్చ ఉన్నట్టు లెక్క.

అక్క: మరి బ్లాక్ అండ్ వైట్‌లో?

తమ్ముడు: (ఉత్సాహం తగ్గి) అందులో బొమ్మ వెండితో ఉంటుంది. వెండి దగ్గర కూడా ఆగిపోతుంది.

అక్క: అంటే నాన్న మొహం కూడా దుమ్మే అనుకుంటుంది.

తమ్ముడు: అప్పుడు ఆ ఆప్షన్ ఆపేసుకోవచ్చు.

అక్క: ఆపేసుకోవడానికి ఎక్కువ డబ్బులు పోసి కొనడం దేనికిరా? అసలు పెట్టెలో ఏమున్నాయో చూశావా?

(చూడలేదు. అర్ధరాత్రి దాకా స్కానర్ రివ్యూలు చూసే ఓపిక ఉన్నవాళ్లకి పెట్టె మూత తెరిచే ఓపిక ఉండదు. అక్క కింద దుప్పటి పరిచి ఒక్కో కవరూ తీసి పేర్చడం మొదలుపెట్టింది.)

అక్క: ఇది ఇందు ఫిల్మ్. ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్లది. బ్లాక్ అండ్ వైట్. ఇది ఆర్వో, తూర్పు జర్మనీది. ఇదీ బ్లాక్ అండ్ వైటే. ఈ వెడల్పాటివి ఆ ఆగ్‌ఫా క్లిక్ కెమెరావి. ఇవి నీ 8200ఐలో పడతాయా?

తమ్ముడు: అవి 120 రోల్‌వి. బొమ్మ దాదాపు ఆరు సెంటీమీటర్లుంటుంది. ఇది 35 ఎంఎం మాత్రమే తీసుకుంటుంది.

అక్క: అంటే పట్టవు. పెట్టెలో సగం ఇవే.

తమ్ముడు: మరి స్లైడ్ల సంగతి! స్లైడ్లు రంగులవే కదా! బొర్రా గుహలు, రాళ్లు, గుట్టలు! వాటికైనా ఇన్‌ఫ్రారెడ్ కావాలి.

అక్క: దాని అట్ట మీద ఏం రాసుందో చదువు.

తమ్ముడు: కొడాక్రోమ్. డెట్రాయిట్ మావయ్య తెచ్చిచ్చినవి. (ఆగి) ఛ.

అక్క: ఏంటి, ఏమైంది?

తమ్ముడు: రంగుల ఫిల్ముల్లో ఇన్‌ఫ్రారెడ్‌కి సరిగ్గా లొంగనిది ఇదే.

అక్క: నాన్న తక్కువవాడా! ఏరి ఏరి వాడాడు.

తమ్ముడు: పోనీ, సెకండ్‌హ్యాండ్‌లో నైకాన్ కూల్‌స్కాన్ 9000 చూద్దామా? 120 కూడా తీసుకుంటుంది. ఇప్పటికీ దాన్ని మించింది లేదంటారు.

అక్క: ఇప్పుడు తయారు చేస్తున్నారా?

తమ్ముడు: లేదు, ఎప్పుడో ఆపేశారు. పైగా దానికి ఫైర్‌వైర్ అనే పాతరకం కనెక్షన్ ఉన్న కంప్యూటర్ వెతకాలి.

అక్క: వెతుకు. తర్వాత అవన్నీ పెట్టుకోడానికి ఆ పెంకుటిల్లు మళ్లీ కొందాం.

తమ్ముడు: అన్నిటికీ వంకలు పెడతావు. నువ్వు చెప్పు మరి!

అక్క: ఎప్సన్ వీ600. ఫ్లాట్‌బెడ్, అంటే జిరాక్స్ మిషన్‌లా అద్దం మీద పెట్టి మూత వేసే రకం. మూతలోనే లైటుంటుంది. 120 పెట్టుకోవచ్చు, 35 పెట్టుకోవచ్చు, స్లైడ్లు ఒకేసారి నాలుగు. అమ్మ ఆల్బమ్‌లో కాగితం ఫోటోలు కూడా అయిపోతాయి. పెళ్లిళ్ల రంగుల నెగెటివ్‌లు ఓ గుప్పెడున్నాయి చూడు, వాటికి కావలసిన నీ ఇన్‌ఫ్రారెడ్ కూడా అందులో ఉంది.

తమ్ముడు: అది 2009 నాటి మోడలక్కా! మీద 6400 డీపీఐ అని ఉంటుంది గానీ నిజంగా దక్కే వివరం అందులో నాలుగో వంతే.

అక్క: నీ 7200 నిజంగా 7200 ఏనా?

తమ్ముడు: (గొణుగుతూ) సగం.

అక్క: మరి దబాయింపేంటి? నాలుగో వంతంటే 1600. ఈ పెద్ద బొమ్మకి ఎన్ని పిక్సెళ్లొస్తాయో లెక్క కట్టు. ఇంజినీరువి కదా.

తమ్ముడు: 56 మిల్లీమీటర్లు... 25.4తో భాగించి 1600తో గుణిస్తే... అటు మూడున్నర వేలు, ఇటు మూడున్నర వేలు. 12 మెగాపిక్సెళ్లు.

అక్క: నీళ్లు కలపనివేనా?

తమ్ముడు: కలపనివే. కానీ చిన్న నెగెటివ్‌కి మూడున్నర మెగాపిక్సెళ్లు కూడా రావు.

అక్క: దానికి ఎంత ప్రింట్ వస్తుంది?

తమ్ముడు: అంగుళానికి 300 చొప్పున చూస్తే, ఏడున్నర అంగుళాలు.

అక్క: మరి చాలదూ? హోర్డింగ్ కట్టిస్తావా ఏంటి? మంచి స్లైడ్లు ఓ పది ఏరుకుని స్టూడియో వాడితో స్కాన్ చేయిద్దాం. మిగతావన్నీ మనం చేసుకుందాం. వాడినదే కొని, పని అయ్యాక అమ్మేద్దాం.

తమ్ముడు: వాడినదైతే ఫిల్మ్ పెట్టే హోల్డర్లు ఉండవు చాలాసార్లు. అద్దం లోపలివైపు మసక కమ్మి ఉంటుంది. మూత లైటు వెలుగుతుందో లేదో కూడా తెలీదు.

అక్క: ఇన్ని తెలిసినవాడివి, వెళ్లి చూసుకుని, ఓ నెగెటివ్ స్కాన్ చేయించుకున్నాకే డబ్బులివ్వు. ముందు ఏవి స్కాన్ చెయ్యాలో తేలుద్దాం. నీ ట్యాబ్‌లో తెల్ల స్క్రీన్ పెట్టు. ఫోన్ సెట్టింగుల్లో రంగులు తిరగేసే ఆప్షన్ నొక్కి కెమెరా తెరువు. నెగెటివ్ బొమ్మలా కనిపిస్తుంది. ఓయ్! నోటితో ఊదకు, తుంపర్లు పడతాయి. బ్లోయర్ తీసుకో.

(తమ్ముడు ఓ వెడల్పాటి నెగెటివ్‌ని ట్యాబ్ మీద పెట్టి ఫోన్ చూపించాడు. తెల్ల జుట్టూ నల్ల మొహంతో దెయ్యంలా ఉన్న పాప, ఫోన్‌లో ముద్దుగా నవ్వింది. పూలజడ, కుచ్చుల గౌను, కళ్లకి కాటుక.)

తమ్ముడు: హహ్హ! నువ్వే అక్కా! ఏం పోజు! ఆ మూతి చూడు, అప్పటినుంచీ ఇంతే!

అక్క: నేనని ఎలా చెప్పావు?

తమ్ముడు: ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ. నాది కుడి బుగ్గ మీద. ఇంక అప్పీల్లేదు.

అక్క: అంచు మీద అక్షరాలు ఎలా ఉన్నాయి?

తమ్ముడు: అద్దంలో చూసినట్టు, ఎదురు తిరిగి.

అక్క: అయితే నువ్వు ఫిల్మ్‌ని బోర్లా పెట్టావు. నిగనిగలాడే వైపు మన వైపుంటే అక్షరాలు సరిగ్గా చదవడానికొస్తాయి, అప్పుడే బొమ్మా సరైనది. నాన్న బాత్‌రూమ్‌లో ప్రింట్లేస్తుంటే తలుపు దగ్గర కాపలా నేనేగా. తిప్పు.

(తిప్పాడు. అక్షరాలు కుదురుకున్నాయి. పుట్టుమచ్చ కుడి బుగ్గ మీదికి వచ్చి కూర్చుంది.)

అక్క: తిరుపతి మొక్కు. మూడేళ్లొచ్చేదాకా నీ పుట్టువెంట్రుకలు తియ్యలేదు. అమ్మ రోజూ జడేసేది. గౌను మాత్రం నాదే.

తమ్ముడు: అక్కా, ఇదేదో మసగ్గా ఉంది. ఇలాంటివి వదిలేద్దాం, పని తగ్గుతుంది.

అక్క: వదిలెయ్యడమా? స్కానర్ రాగానే మొదట దీన్నే పెడదాం. 6400లో.

తమ్ముడు: 1600కి మించి వివరం రాదని ఇప్పుడేగా తేల్చాం!

అక్క: రాకపోతే రాకపోనీ. నీ మేనకోడలికి పంపేటప్పుడు ఫైలన్నా పెద్దదిగా ఉండాలి.