డబ్బు లేకుండా సినిమా తీసేయొచ్చట!

మొదట మా బావమరిది పంపాడు, పలాస నుంచి. “బావా, తీరుబడిగా చదువు, నీకు పనికొస్తుంది” అని ఒక ముక్క కూడా తగిలించాడు. తరువాత గుణుపురంలో ఉండే పిన్ని కొడుకు. ఆ తరువాత పర్లాకిమిడి కాలేజీ స్నేహితుల గ్రూపులో ఒక్కరోజే ముగ్గురు. నిన్న పొద్దున్న మాకు పాలు పోసే కుర్రాడు కూడా పంపాడు. నేను సినిమాలు తీస్తానని అతనికి ఎవరు చెప్పారో!

మెసేజ్ పైన మంట బొమ్మ, కింద క్లాప్‌బోర్డు బొమ్మ. “ఇద్దరు ఇండిపెండెంట్ డైరెక్టర్లు సినిమాల గురించి, ఇండస్ట్రీ గురించి మనసు విప్పి మాట్లాడుకున్నారు. వాళ్ళ మాటల్లోంచి ఏరిన 8 నిజాలు. డబ్బు లేకుండా సినిమా తీయడం ఎలా?” అని మొదలవుతుంది. ఆ ఇద్దరూ ఎవరో రాయలేదు. ఆఖర్న “ప్రతి కళాకారుడికీ చేరేవరకూ షేర్ చేయండి” అని ఉంది. చేరిందండీ. నాకు పదిహేడుసార్లు చేరింది.

ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను. నంబర్ల వరసలో కాదు, నాకు చిరాకు పుట్టిన వరసలో.

మూడో నిజం ముందు పక్కన పడేద్దాం. “లైట్లు అక్కర్లేదు, సూర్యుడు ఫ్రీ.” ఫ్రీయే. “ఇంకో టేక్ ఉంది, కాసేపు ఆగవయ్యా” అంటే ఆగడు, అంతే.

ఒకటో నిజం: “టాంజరీన్ సినిమా ఐఫోన్‌తో తీశారు. మీ జేబులో ఫోన్ లేదా?” ఉంది. 2015లో వచ్చిన ఆ సినిమాని షాన్ బేకర్ ఐఫోన్ 5ఎస్‌తోనే తీశాడు. ఫోన్ ముందు అనామార్ఫిక్ అడాప్టర్ (బొమ్మని వెండితెర వెడల్పుకి తెచ్చే అద్దం) తగిలించాడు, ఫోకస్ కదలకుండా బిగించే యాప్ వాడాడు, అప్పటికే నాలుగు సినిమాలు తీసి చెయ్యి తిరిగినవాడు. ఖర్చు సుమారు లక్ష డాలర్లు. అందులో ఫోన్లకి ఎంత పోయి ఉంటుంది? మిగతాదంతా దేనికి పోయిందని ఫార్వర్డ్ చేసినవాళ్ళలో ఒక్కరూ అడగలేదు. శుభలేఖలు వాట్సాప్‌లో పంపేశాం కాబట్టి పెళ్ళికి ఖర్చు కాలేదు అన్నట్టుంది.

అయితే ఫోన్ బొమ్మని నేను తక్కువ చేయను. నా 42 నిమిషాల సినిమాలో అందరూ మెచ్చుకున్న వాన షాట్ ఫోన్‌తో తీసిందే. రోజుకి ఇంతని అద్దె కట్టి తెచ్చిన కెమెరా ఆ సమయానికి సంచిలో ఉంది, తడిస్తే ఎవడు కడతాడని.

రెండో నిజం ఎల్ మరియాచి కథ. 1992లో రాబర్ట్ రోడ్రిగేజ్ 7 వేల డాలర్లతో సినిమా తీసేశాడు అని. ఈ కథ చెప్పని సినిమా పిచ్చోడు నాకు ఇంతవరకూ తగల్లేదు. ఆ డబ్బు ఆయనకి ఎలా వచ్చిందో కూడా చెప్పండి మరి. అందులో కొంత కొత్త మందుల పరీక్షలకి ఒళ్ళప్పగించి సంపాదించాడు. కొలంబియా సంస్థ సినిమా కొన్నాక, 16 ఎంఎం బొమ్మని థియేటర్ల కోసం 35 ఎంఎంకి మార్చి, సౌండ్ మళ్ళీ చేయించి పెట్టిన ఖర్చు ఆ 7 వేలకి ఎన్నో రెట్లు. జనం టికెట్ కొని చూసింది 7 వేల సినిమాని కాదు.

నాలుగోది: “సౌండ్ సంగతి తరువాత ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు.” నాకో మిత్రుడున్నాడు, బరంపురంలో. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు, ఒడియాలో షార్ట్ ఫిల్ములు తీస్తాడు, కడుపుకి పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు అని ఎవరైనా అంటే వాడు కుర్చీలోంచి లేచి “రండి, కూర్చుని చూసుకోండి” అంటాడు. చాలా ఫోన్లలో ఫ్రేమ్ రేటు, అంటే సెకనుకి పట్టే బొమ్మల లెక్క, నిలకడగా ఉండదు, వెలుతురు తగ్గితే అదీ తగ్గుతుంది. విడిగా రికార్డర్‌లో పట్టిన మాటని దానికి జత చేస్తే మొదట్లో పెదాలకి సరిపోతుంది. టేక్ సాగేకొద్దీ నోరు ఒకచోట, మాట ఒకచోట. పోనీ ఫోన్ మైకునే నమ్ముకుందామా అంటే, మా వైపు ఊళ్ళలో నిశ్శబ్దం అనేది స్క్రిప్టులోనే ఉంటుంది. గుడి మైకు, ట్రాక్టరు, పాతపట్నం వైపు నుంచి రైలు కూత.

డబ్బింగ్ చెప్పించుకోవచ్చు కదా అంటారు. నా సినిమాలో సగం మాటలు సవరలో, అంటే మా వైపు కొండల్లో సవర జనం మాట్లాడే భాషలో ఉన్నాయి. విశాఖపట్నం స్టూడియోలో సవర వచ్చిన డబ్బింగ్ ఆర్టిస్టుని ఎక్కడని వెతకను? కొండమీద మనిషిని తీసుకొచ్చి అద్దాల గదిలో నిలబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్ తగిలించి, తెరమీద తన పెదాలు చూసుకుంటూ అదే మాట అదే కోపంతో మళ్ళీ అనమంటే ఆ కోపం వస్తుందా? అందుకని అక్కడికక్కడే రికార్డు చేయాలి. దానికి పని తెలిసిన మనిషి కావాలి, బూమ్ (పొడుగు కర్ర చివర మైకు) కావాలి. ప్రతి చోటా అందరి నోళ్ళూ మూయించి ఒక నిమిషంపాటు ఆ చోటి చప్పుడు విడిగా పట్టుకోవాలి. నాకు అయిన 3 లక్షల 80 వేలలో 70 వేలు దీనికే పోయాయి. మళ్ళీ తీస్తే లక్ష పెడతాను.

ఆరో నిజం: “ఇండిపెండెంట్ సినిమాకి సెన్సార్ అక్కర్లేదు.” యూట్యూబ్‌లో పెడితే అక్కర్లేదు. ఓటీటీలు 2021 నాటి ఐటీ రూల్స్ ప్రకారం వయసు ముద్రలు తామే వేసుకుంటాయి. ఫెస్టివల్‌కి కేంద్ర సమాచార శాఖ మినహాయింపు ఇస్తుంది. బహిరంగంగా పదిమందికీ చూపించాలంటే మాత్రం 1952 నాటి చట్టం ఉంది, పది నిమిషాల సినిమాకైనా సర్టిఫికెట్ కావాలి. మా ఆంధ్రా-ఒడిశా సరిహద్దు వాళ్ళకి పైగా ఇంకో తమాషా. తెలుగు సినిమా అయితే హైదరాబాద్ ఆఫీసు, ఒడియా అయితే కటక్ ఆఫీసు. నా సినిమాలో టీచరమ్మ తెలుగు, షావుకారు ఒడియా, మిగతావాళ్ళు సవర. నేను ఏ రైలెక్కాలి?

ఒక ముసలమ్మ అడ్డచుట్ట కాలుస్తూ కనిపిస్తుంది. మా వైపు ముసలమ్మ చుట్ట కాల్చకపోతేనే వింత. ఆ ఒక్క చుట్టకి సినిమా మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి పొగాకు హెచ్చరిక వేయాలి, చుట్ట కనిపించినంతసేపూ కింద అక్షరాలు వేయాలి. మేకతో నటింపజేస్తే జంతు సంక్షేమ బోర్డు కాగితం కావాలి, ఆ బోర్డు హర్యానాలో ఉంది. మేకకి ఈ సంగతులేవీ తెలియక ఫ్రేమ్‌లోకి వచ్చేసింది.

ఏడోది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. “ఫెస్టివల్ అవార్డులు కొట్టండి, ఓటీటీలు వచ్చి మీ తలుపు కొడతాయి.” నా పోస్టర్ మీద ఫెస్టివల్‌కి ఒకటి చొప్పున వేసుకునే ఆకుల దండ బొమ్మలు పదకొండు ఉన్నాయి. ఇంట్లో మా అమ్మ చూసి “ఇదేటిరా, కూరగాయల కొట్టు బోర్డులాగుంది” అంది. ఫెస్టివల్స్‌కి సినిమాలు పంపే వెబ్‌సైటు ఫిల్మ్‌ఫ్రీవేలోకి వెళ్ళి చూడండి, నెలనెలా జరిగే ఫెస్టివల్స్ కుప్పలుతెప్పలుగా ఉంటాయి. వాటిలో కొన్నిటికి హాలు లేదు, కుర్చీ లేదు, ప్రేక్షకుడు లేడు. డాలర్లలో ఫీజు కట్టినవాడికల్లా “బెస్ట్” అని ఏదో ఒకటి వస్తుంది. ఏమీ తోచకపోతే బెస్ట్ పోస్టర్. నాకు వచ్చింది కూడా. ఆ పోస్టర్ చేసింది మా బావమరిదే.

అసలైన ఫెస్టివల్‌కి వెళ్తే బతుకు మారిపోతుందా అంటే, మా ఒడిశాలోనే చూడండి. నీరద్ మహాపాత్ర ‘మాయా మృగ’ని పూరీలో తీశారు. 1984లో ఫ్రాన్స్‌లోని కాన్ ఫెస్టివల్‌లో, క్రిటిక్స్ వీక్ అనే విభాగంలో వేశారు. అంతకన్నా పెద్ద తలుపు ఏముంటుంది? ఆయన తీసిన ఫీచర్ సినిమా అదొక్కటే. 2015లో పోయారు. సినిమాని ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ వాళ్ళు బాగుచేసి 2024లో ఇటలీలోని బొలోన్యాలో వేశారు, ఆయన లేరు చూడ్డానికి. “మరి కేరాఫ్ కంచరపాలెం?” అని అడుగుతారని తెలుసు. 2018లో వచ్చింది, అందులో చాలామంది ఆ పేట జనమే, నాకు ప్రాణం ఆ సినిమా అంటే. కానీ దానికి ప్రవీణ పరుచూరి అనే నిర్మాత ఉన్నారు, ఆవిడ అమెరికాలో గుండె డాక్టరు. తీశాక జనం దగ్గరికి చేర్చడానికి రానా, సురేష్ ప్రొడక్షన్స్ నిలబడ్డారు. తలుపు దానంతట అది తెరుచుకోలేదు.

ఇక అయిదో నిజం. దీన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తున్నాను: “కొండ ఊళ్ళలో జనం అమాయకులు. డబ్బు అడగరు. మన నటుల కన్నా బాగా చేస్తారు. లొకేషన్ ఫ్రీ. ఒక చీర పెడితే చాలు, జీవితాంతం గుర్తుంచుకుంటారు.”

దీని కింద ఎవరో దండం పెట్టే బొమ్మలు మూడు వేశారు.

ఈ మాట అన్నది నేనే. ఆ ఇద్దరు ఇండిపెండెంట్ డైరెక్టర్లూ నేనూ, పైన చెప్పిన బరంపురం మిత్రుడూ. కిందటి వానాకాలం వాడి గదిలో కూర్చుని రాత్రి ఒంటిగంటదాకా కబుర్లు చెప్పుకుంటుంటే వాడి దగ్గర పని నేర్చుకునే కుర్రాడు రికార్డు చేశాడు, ఎక్కడో పెట్టాడు, ఎవరో పాయింట్లు ఏరారు. మా బావమరిది నా మాటలే నాకు పంపి నేర్చుకోమంటున్నాడు. సౌండ్ గురించి మావాడు అన్నది ఒక నిర్మాత గొంతు అనుకరిస్తూ వెక్కిరింపుగా అన్న మాట. సెన్సార్ సంగతి మేము ఎత్తనేలేదు. అయిదోది మాత్రం నేను అన్నాను. నేను అన్నట్టే రాశారు, ఒక్క అక్షరం మార్చలేదు. గొప్పగా చెప్పుకున్నాను కూడా.

జరిగింది ఇది. మహేంద్రగిరి కింద ఒక సవర ఊళ్ళో ఏప్రిల్‌లో షూటింగ్. నలభై దాటిన ఒకావిడ, కెమెరా అంటే బెదురు లేదు, చెప్పింది ఒక్కసారికే పట్టేసింది. రెండు రోజులనుకున్నది నాలుగు రోజులయింది. చివర్న చీర పెట్టాం, అందరం కాళ్ళకి దండం పెట్టాం, ఫోటో దిగాం. ఏప్రిల్ అంటే జీడి పిక్కలు రాలే కాలం. ఏ రోజు రాలినవి ఆ రోజు ఏరుకోవాలి, సంతనాటికి షావుకారుకి వేయాలి. ఏడాదిలో చేతికి నాలుగు డబ్బులు కనిపించేది అప్పుడే. ఆవిడ నాలుగు రోజులు మా ఫ్రేమ్‌లో ఉంది, ఆవిడ చెట్ల కింద ఎవరెవరో ఏరుకున్నారు. సంత దాటిపోయింది. అడగలేదు నిజమే. అడగడానికి ఆవిడకి నేనేమైనా ఒక మాట చెప్పానా, రోజుకి ఇంత అని? మా దగ్గర కెమెరా అద్దెకి కాగితం ఉంది, వ్యాను అద్దెకి కాగితం ఉంది. అమాయకులట!

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర నేర్చుకోడానికి ఆ భాష తెలిసిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. మేము వాళ్ళ ఇంట్లో తిని చీర పెట్టి వచ్చాం.

ఆవిడ నన్ను కోరింది ఒక్కటే, సినిమా కొడుకు ఫోన్లో ఎక్కించమని. ఎక్కించలేదు. బయటికి పొక్కితే ఫెస్టివల్స్ తీసుకోవని. పదకొండు చోట్ల ఎవరూ చూడని సినిమాని ఆవిడకి కూడా చూపించకుండా ఏడాదిన్నర దాచాను.

ఇక మిగిలింది ఎనిమిదోది: “థియేటర్ దొరకలేదా? ఊళ్ళో దుప్పటి కట్టి చూపించండి.” దీనికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. ఇది మావాడు అన్నాడు, సరిగ్గానే అన్నాడు. థియేటర్లలో డిజిటల్‌గా బొమ్మ వేసే కంపెనీలకి వారం వారం కట్టే డబ్బు గురించి 2018 మార్చిలో దక్షిణాది పెద్ద నిర్మాతలే సినిమాలు ఆపి గొడవ పెట్టుకున్నారు, మనమెంత? అందుకని కిందటి సంక్రాంతి వెళ్ళాక ఒక ప్రొజెక్టర్ అడిగి తెచ్చి ఆ ఊరి బడి వరండాలో దుప్పటి కట్టాం. సర్టిఫికెట్ లేదు. ఆరో నిజం గురించి పైన అంత రాసింది నేనే, తెలుసు.

బొమ్మ పడేముందు నాలుగు రోజుల కూలి, పోయిన పిక్కల ధర లెక్కకట్టి ఆవిడ చేతిలో పెట్టాను. “ఇది దేనికి బాబూ?” అంది. చెప్పాను. లెక్క పెట్టుకుని కొంగున ముడేసుకుంది. తరువాత నేలమీద కూర్చుని సినిమా చూసింది. తను కోపంతో అరిచే సీను వచ్చింది. నేను ఒక కుర్రాడి చేత బూమ్ పట్టించి, పదకొండు టేకులు తీసి, ఫెస్టివల్ వాళ్ళకి పంపిన ట్రైలర్లో పెట్టుకున్న సీను. ఆవిడ తన మొహం చూడటం లేదు. వెనకాల దూరంగా, ఫోకస్ లేకుండా ఉన్న చెట్లవైపు వేలు పెట్టి పక్కావిడతో అంటోంది, “అవిగో, మా చెట్లు. కింద పిక్కలు చూడు, ఎన్ని రాలాయో.”