అరువు ఇస్త్రీ

జావా దీవి మధ్యలో, దియెంగ్ పీఠభూమి మీద సెంబుంగాన్ అని ఒక ఊరుంది. 2,300 మీటర్ల ఎత్తున. జావా మొత్తంలో ఇంతకంటే పైన ఇంకో ఊరు లేదని అక్కడివాళ్లు మొదటి పరిచయంలోనే చెప్పేస్తారు. పక్కనే తెలగా చెబోంగ్, అంటే కప్పపిల్లల చెరువు. మిగతాదంతా బంగాళాదుంప. ఇళ్ల వెనక దుంప, కొండ నడుమున దుంప, మనిషి నిలబడలేని వాలు మీద కూడా దుంప. మధ్యమధ్య గట్ల మీద కారికా అనే కొండబొప్పాయి చెట్లు. మన బొప్పాయికి మరగుజ్జు తమ్ముడనుకోండి.

జకార్తా ఉక్కపోత నుంచి తప్పించుకుందామని రెండు రోజులకి వెళ్లాను. ఆగస్టు నెల. "ఇంకో ప్యాంటు పెట్టుకోండి" అని మా ఆవిడ చెప్పింది. రెండు రోజులకి రెండు ప్యాంట్లా అని నవ్వాను. ఆ నవ్వు ఖరీదు తర్వాత తెలిసింది.

ఆ నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో అక్కడ మంచు గడ్డకట్టి గడ్డి మీద ఉప్పు చల్లినట్టు ఉంటుంది. దాన్ని 'ఎంబున్ ఉపాస్' అంటారు, విషపు మంచు అని. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. రైతు మాత్రం మాడిపోయిన దుంప ఆకు చూసి తల పట్టుకుంటాడు. నేను కూడా ఫొటో బాపతే. మధ్యాహ్నం పొలం గట్టు మీద ఫోను చూసుకుంటూ నడిచాను. కాలు జారింది. ఉత్త మట్టిలో పడినా బాగుండేది. దుంపచేలకి వేయడానికి తెచ్చిన కోళ్ల ఎరువు బస్తా ఒకటి, సరిగ్గా నా కోసమే అన్నట్టు, మూతి విప్పి ఉంది. దుంపలు ఏరుతున్న ఆడవాళ్లు ముందు అయ్యో అన్నారు, తర్వాత తలగుడ్డలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నేను దిగిన ఇంటి ఇల్లాలు ప్యాంటు లాక్కుని ఉతికేసి, నాకు వాళ్లాయన సారోంగ్ ఇచ్చింది. మన లుంగీయే, కాకపోతే సంచీలా రెండంచులూ కలిపి కుట్టి ఉంటుంది. అక్కడి మగవాళ్లు దాన్ని నడుముకీ కడతారు, చలికి భుజాలకీ చుట్టుకుంటారు. నాకున్నది ఒక్కటే కాబట్టి భుజాలు వదిలేసి నడుముకే ఓటేశాను. సాయంత్రానికి ప్యాంటు తీగ మీద చుక్కలు కారుస్తూనే ఉంది. నాలుక్కల్లా లేచి సికునిర్ కొండెక్కి సూర్యోదయం చూడాలి. టెన్షన్ మొదలైంది.

అక్కడ అతిథిని కూర్చోబెట్టేది హాల్లో కాదు, వంటింట్లో, కుంపటి చుట్టూ. ఇంటాయన, పక్కిళ్ల పెద్దమనుషులు ముగ్గురు, నేను. వేడి వేడి తీపి టీ, పళ్లెంలో టెంపే కెముల్. పులియబెట్టిన సోయా బిళ్లని పిండిలో ముంచి వేయిస్తారు. కెముల్ అంటే జావా భాషలో దుప్పటి. ఆ ఊళ్లో టెంపేకి కూడా దుప్పటి ఉంది, నాకు ప్యాంటు లేదు.

ఇక్కడ నా భాషాజ్ఞానం గురించి చెప్పాలి. ఇండోనేషియా భాషలో సగం మనదే అని నా ధీమా. భాష 'బహాసా', కపాలం 'కెపాలా', స్వామి 'సువామి'. అయితే కపాలం కాస్తా తలకాయ అయింది, స్వామి మొగుడయ్యాడు. దోషం 'దోసా' అయింది, అంటే పాపం. ఇది తెలియక ఆఫీసులో ఒకసారి "ప్రతి ఆదివారం మా ఇంట్లో దోసా, పిల్లలక్కూడా పెడతాం" అని గొప్పగా చెప్పాను. అప్పుడే బుద్ధి రావాల్సింది.

రాలేదు. ప్యాంటు చేత్తో పట్టుకుని, మనసులో రెండుసార్లు వల్లెవేసుకుని, ఇంటాయన్ని అడిగాను.

"బోలే పింజమ్ ఇస్త్రీ, పాక్?"

పాక్ అంటే అయ్యగారూ అని. ఇస్త్రీ అరువిస్తారా అన్నానన్నమాట. ఇంటాయన టీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. నా ఉచ్చారణ అర్థం కాలేదు కాబోలనుకున్నాను.

"సెబెంతార్ సాజా" అన్నాను. కాసేపే.

ఎవరూ మాట్లాడలేదు. ఒక పెద్దాయన లవంగాల సిగరెట్టు వేలు చురుక్కుమనేదాకా అలాగే పట్టుకున్నాడు. పొద్దున్నే తిరిగిచ్చేస్తానని కూడా హామీ ఇచ్చాను. జావావాళ్ల మర్యాద ఎలాంటిదంటే, ఎదుటిమనిషికి మొహం మీద లేదని చెప్పలేరు. పాపం ఆయన నేలచూపులు చూస్తూ, వినీ వినపడకుండా అన్నాడు.

"ఒక్కటే ఉందండీ..."

"ఒక్కటి చాలు!" అన్నాను ఉత్సాహంగా. "పాతదైనా పర్వాలేదు."

సరిగ్గా అప్పుడే ఇల్లాలు ఉడికిన దుంపల గిన్నెతో లోపలికొచ్చింది. ఏమిటీ నిశ్శబ్దం అని అడిగింది. మొగుడు జావా భాషలో ఏదో గొణిగాడు. ఆవిడ నన్ను చూసింది, మొగుణ్ని చూసింది, చివరికి నా చేతిలో వేలాడుతున్న తడి ప్యాంటుని చూసింది.

"సెత్రికా!" అని ఒక్క కేక పెట్టి, గిన్నె కింద పెట్టేసి మరీ నవ్వింది.

బట్టల మీద రుద్దేది సెత్రికా. అది డచ్చివాళ్లు వదిలిపోయిన మాట. ఇస్త్రీ అంటే మన 'స్త్రీ'యే, కాకపోతే అక్కడ భార్య. నేను నలుగురు పెద్దమనుషుల ముందు ఇంటాయన భార్యని ఒక్క పూటకి అరువడిగాను. పైగా పాతదైనా పర్వాలేదన్నాను. ఆవిడకి మొదటిదానికంటే ఆ రెండో మాటే ఎక్కువ గుచ్చుకున్నట్టుంది. "పాతదా?" అని ఆ రాత్రి మూడుసార్లు అడిగింది.

తీరా చూస్తే ఆ ఇంట్లో సెత్రికా లేనే లేదు. దుంపలు తవ్వడానికి మడత నలగని ప్యాంటు ఎవడిక్కావాలి? ప్యాంటుని కుంపటి మీద కట్టిన తాడుకి వేలాడదీశారు. తెల్లారేసరికి ఆరింది. మోకాలి దగ్గర రూపాయి బిళ్లంత కాలింది. మనిషినంతా టెంపే వాసన.

చీకట్లో సికునిర్ మెట్లెక్కుతుంటే, వేయించిన చిట్టి దుంపలమ్మే ముసలావిడ టార్చి నా మొహం మీద వేసి, "సుదా దాపత్ ఇస్త్రీ, పాక్?" అంది. దొరికిందా అని. ఇంకో పది మెట్లెక్కితే టీ కొట్టువాడు. ఆ ఊళ్లో ఫోన్ సిగ్నల్ అందుతుందో లేదో గానీ, కబురు మాత్రం అందుతుంది. పైన సిందోరో అగ్నిపర్వతం పక్కన ఆకాశం ఎర్రబడుతోంది. జనం ఫొటోలు తీస్తున్నారు. నేను కాలిన మోకాలికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడ్డాను.

వెళ్లేటప్పుడు ఇంటాయన తన బైకు మీద దియెంగ్ దాకా దింపాడు. దారంతా గంభీరంగా ఉన్నాడు, నా మీద కోపం పోలేదేమోనని భయపడ్డాను. పాత శివాలయాల దగ్గర ఆపాడు. వెయ్యేళ్లు దాటిన గుళ్లు. వాటికి జనం తర్వాతెప్పుడో భారతం పేర్లు పెట్టుకున్నారు. అర్జున, పుంతదేవ, సెంబద్ర, శ్రీకాంది. శ్రీకాంది మన శిఖండే. వాళ్ల తోలుబొమ్మలాటలో ఆవిడ నిఖార్సైన ఆడది, అర్జునుడి పెళ్లాం. నేను నోరు తెరుచుకుని వింటుంటే ఆయన అర్జునుడి గుడి వైపు వేలు చూపించాడు.

"నాకు ఒక్కతే" అన్నాడు. "ఈయనకి చాలామంది. ఈయన్నడగండి."

బైకు తిప్పుకుని వెళ్లిపోయాడు. మలుపు దాటేదాకా భుజాలు కదులుతూనే ఉన్నాయి.