మనిషి అనే సర్వీసు

ఏ పని తర్వాత ఏ పని నడవాలో కంప్యూటరుకి చెప్పే భాష బీపెల్. 2007లో దాని 2.0, ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ముద్రతో బయటికొచ్చినప్పుడు అందులో లేనిది లేదు. సర్వీసును, అంటే అడిగితే జవాబిచ్చే మరో ప్రోగ్రామును, పిలవడానికి ఇన్వోక్, కబురు కోసం కాచుకోవడానికి రిసీవ్, ఊరికే కూర్చోవడానికి వెయిట్, చేసిన పని బెడిసికొడితే సర్దుకోవడానికి కాంపెన్సేషన్. ఒక్క మనిషే లేడు. బిల్లయినా సెలవు చీటీ అయినా చివరికి ఎవరో ఒకరి 'సరే' దగ్గరే ఆగుతుందని తెలిసి కూడా, పందిరంతా వేసి పెళ్లికొడుకుని మరిచిపోయారు.

తర్వాత నాలిక కరుచుకుని హ్యూమన్‌టాస్క్ అని మరో స్పెసిఫికేషన్ రాశారు. దానితో మనిషికి సర్వీసు హోదా దక్కింది. జవాబు కాస్త ఆలస్యం, అంతే.

నిజం చెప్పాలంటే, రాసినవాళ్లకు మన సంగతి బాగా తెలుసు. పని మొదట 'రెడీ'. ఒకాయన క్లెయిమ్ నొక్కితే 'రిజర్వ్‌డ్', ఇక మిగతావాళ్లు ముట్టుకోకూడదు. బస్సులో సీటు మీద రుమాలు వేయడం కూడా ఇంత పకడ్బందీగా ఉండదు. గడువులు రెండు: మొదలుపెట్టడానికొకటి, ముగించడానికొకటి. మొదటిది గట్టెక్కాలంటే స్టార్ట్ నొక్కితే చాలు, పని చేయనక్కర్లేదు. రెండోది దాటితే ఎస్కలేషన్ పైవాడికి పోతుంది. ఆయన డెలిగేట్ నొక్కి కిందికి అప్పగిస్తాడు. పని మళ్లీ పాతాయన ఒళ్లోనే, మళ్లీ 'రిజర్వ్‌డ్'. ప్రక్రియ చక్కగా నడుస్తోందని డాష్‌బోర్డు ఆకుపచ్చగా చెబుతుంది.

మా ఆఫీసులో సెలవుల ప్రక్రియ రాసింది నేనే. అడిగినవాడే మంజూరు చేసుకోకూడదని, అడిగినవాణ్ణి 'ఎక్స్‌క్లూడెడ్ ఓనర్'గా, అంటే ఆ పని ముట్టుకోకూడనివాడిగా పెట్టాను. ఆ రూలుకి మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు. మేనేజరు ఊళ్లో లేకపోతే పని ఆయన బదులు చూసేవాళ్లకి వెళ్లాలని ఇంకో రూలు. మొన్న ఆయన ఊరెళ్తూ బాధ్యతలు నాకు అప్పగించారు. అదే వారం నాకు రెండు రోజులు సెలవు కావాల్సొచ్చింది.

అర్జీ నా దగ్గరికే వచ్చింది. నేను ఎక్స్‌క్లూడెడ్. చేయదగ్గవాళ్లు సున్నా. అలాంటి పని 'క్రియేటెడ్' దగ్గరే నిలబడి, బిజినెస్ అడ్మినిస్ట్రేటరు ఎవరినైనా నామినేట్ చేసేదాకా కదలదు. ప్రక్రియను నడిపే ఇంజిన్‌ని తప్పుపట్టలేం, రాసిన ప్రకారమే ఆగింది. అడ్మినిస్ట్రేటరు ఎవరా అని చూస్తే, అదీ నేనే.

ఇంకేం చేస్తాను, మేనేజరునే నామినేట్ చేశాను. ఆ తెరలోనే ఆయన సెలవు అర్జీ కూడా కనిపించింది. ఇంకా 'రెడీ'లోనే ఉంది.