వాన్ గో పేరు చెప్పి పిల్లలకు ఏమి నేర్పుతున్నాం?

వేసవి డ్రాయింగ్ శిబిరాల్లో, బడి వార్షికోత్సవాల్లో పెట్టే పిల్లల చిత్రప్రదర్శనల్లో ఈమధ్య ఒక బొమ్మ తప్పకుండా కనిపిస్తోంది. ముదురు నీలి ఆకాశం, సుడులు తిరిగే పసుపు నక్షత్రాలు, ఎడమపక్కన నల్లగా ఎత్తైన సైప్రస్ చెట్టు. డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన 'స్టారీ నైట్'. ఒకే గోడ మీద ముప్పై ఆకాశాలు, కింద ముప్పై మంది పిల్లల పేర్లు. ఆ పేర్లు తీసేస్తే ఏ బొమ్మ ఎవరిదో కన్నతల్లి కూడా పోల్చుకోలేదు.

ప్రసిద్ధ చిత్రకారుల శైలుల ద్వారా పిల్లలకు బొమ్మలు నేర్పడం మంచి ఆలోచనే. క్యాలెండర్లు, కార్టూన్లు తప్ప మరో బొమ్మ ఎరగకుండా పెరిగే పిల్లలకు గొప్ప చిత్రాలు చూపించాల్సిందే. అయితే ఆ చిత్రకారుడి దగ్గర నుంచి మనం తెచ్చి ఇస్తున్నది ఆయన పనిచేసిన పద్ధతినా, లేక పని అయ్యాక మిగిలిన రూపాన్నా? చాలా తరగతుల్లో రెండోదే జరుగుతోంది. దీనివల్ల నష్టపోయేది పిల్లలు.

వాన్ గో 1889 జూన్‌లో ఫ్రాన్స్‌లోని సేంట్ రెమీ మానసిక చికిత్సాలయంలో ఉంటూ ఈ చిత్రం వేశారు. తన గది కిటికీలోంచి కనిపించే కొండలను, ఆకాశాన్ని తీసుకుని, అక్కడి నుంచి కనిపించని ఊరిని ఊహించి కలిపారు. ఏది ఉంచాలి, ఏది చేర్చాలి అన్న నిర్ణయాలన్నీ ఆయనవే. మన తరగతిలో పిల్లవాడి చేతికి వచ్చేది గీతలు ముందే గీసి ఉన్న జిరాక్సు కాగితం. నక్షత్రం ఎక్కడ ఉండాలో, చెట్టు ఎంత ఎత్తు ఉండాలో అప్పటికే తేలిపోయింది. రంగు నింపడం ఒక్కటే మిగిలింది.

నిజానికి ఆ చిత్రంలో పిల్లలు పట్టుకోగలిగిన విషయం ఒకటి ఉంది. ప్రతి కుంచె గీతకూ ఒక దిశ ఉంటుంది. గాలి ఎటు వీస్తే గీత అటు పోతుంది. ఒక్క క్రేయాను ఇచ్చి, హద్దుగీతలు లేకుండా, పొట్టి పొట్టి గీతలతోనే వానను, అన్నం గిన్నె మీద ఆవిరిని, నాయనమ్మ జుట్టును వేయమని అడగండి. అరగంట కష్టపడ్డాక అప్పుడు వాన్ గో చిత్రం చూపించండి. తాము ఇప్పుడే పడ్డ తంటా ఆయన ఎలా దాటారో పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు. ముందు పని, తర్వాత చిత్రం. ఈ వరుస తిరగబడితే మిగిలేది నకలే.

అలాగని నకలు చేయడమే పాపమనే వాదనతోనూ నేను ఏకీభవించను. 1897లో వియన్నాలో పిల్లల కోసం చిత్రకళా తరగతి మొదలుపెట్టిన ఫ్రాంజ్ చిజెక్ పెద్దల ప్రభావం లేకుండా పిల్లల కళ తనంతట తాను వికసించాలని నమ్మారు. గొప్ప ఆదర్శమే, కానీ పూర్తిగా నిజం కాదు. పిల్లలు చూసిన బొమ్మల నుంచే బొమ్మలు నేర్చుకుంటారని 1970ల్లో అమెరికాలో కళావిద్య పరిశోధకులు బ్రెంట్ విల్సన్, మార్జరీ విల్సన్ గట్టిగా వాదించారు. వాన్ గో మాత్రం? సేంట్ రెమీలో ఉన్నప్పుడే తాను ఆరాధించిన ఫ్రెంచ్ చిత్రకారుడు మిలే చిత్రాలను ముందు పెట్టుకుని మళ్లీ వేశారు. ఆయన దగ్గర ఉన్నవి ఆ చిత్రాల నలుపు తెలుపు అచ్చు ప్రతులు. రంగులన్నీ సొంతంగా ఎంచుకోవాల్సి వచ్చింది. చూసి వేస్తూనే తన దారి తాను వెతుక్కున్నారు. మన వాకిట్లో చుక్కల ముగ్గు కూడా అలాగే వస్తుంది. పిల్ల మొదట అమ్మ పెట్టిన చుక్కల మధ్య అమ్మ ముగ్గే వేస్తుంది. నాలుగు రోజులకు అవే చుక్కలను వేరేగా కలుపుతుంది. చూసి వేసినా గీతంతా తన చేతిదే. జిరాక్సు కాగితంలో ఆ అవకాశం లేదు.

నా దృష్టిలో చిన్నపిల్లలకు అన్నిటికంటే బాగా పనికొచ్చే పాఠం ఫ్రెంచ్ చిత్రకారుడు ఆన్రీ మాతిస్‌ది. 1941లో క్యాన్సర్‌కు పెద్ద శస్త్రచికిత్స జరిగాక ఆయన ఎక్కువసేపు నిలబడి పనిచేయలేకపోయారు. మంచం మీద, చక్రాల కుర్చీలో కూర్చుని కత్తెర పట్టారు. సహాయకులు కాగితాలకు రంగు పూసి ఇస్తే, వాటిని పెన్సిల్ గీత లేకుండా నేరుగా కత్తిరించేవారు. ముక్కలను గోడకు గుచ్చి, కుదిరేదాకా అటూ ఇటూ మార్పించేవారు. 1953లో చేసిన 'నత్త' ఇప్పుడు లండన్‌లోని టేట్ మ్యూజియంలో ఉంది. దాదాపు మూడు మీటర్ల ఎత్తు, అంతే వెడల్పు. రంగు కాగితం ముక్కలు మాత్రమే నత్తగుల్లలా చుట్టుకుని ఉంటాయి.

టీచరు ఆకుల ఆకారాలు కత్తిరించి ఇచ్చి, పిల్లలతో అతికించి, దాన్ని మాతిస్ పాఠం అనడం ఎందుకు? మొదటిరోజు పిల్లలే పాత కాగితాలకు ఒక్కోదానికి ఒక్కో రంగు నిండుగా పూయాలి. అవి ఆరాక మరో రోజు కత్తెరలు ఇవ్వాలి. పెన్సిళ్లు ముందే తీసుకుని దాచేయాలి. పాఠమంతా ఆ పెన్సిల్ లేకపోవడంలోనే ఉంది. మొదట్లో పిల్లలు కత్తెరను మెలికలు తిప్పి కాగితం చించేస్తారు. కాసేపటికి కుడిచేతిలో కత్తెరను నిలకడగా ఉంచి ఎడమచేత్తో కాగితాన్ని తిప్పితే వంపు నున్నగా వస్తుందని వేళ్లకు తెలుస్తుంది. కత్తిరించగా మిగిలిన తునకలోనూ ఒక ఆకారం ఉందని ఎవరో ఒకరు కనిపెడతారు. జిగురు చివరిదాకా ఇవ్వకూడదు. జిగురు చేతిలో ఉంటే ముక్క ఎక్కడ పడితే అక్కడ అతుక్కుపోతుంది. లేకపోతే ఎర్రముక్కను నీలం పక్కన పెట్టి, తీసి, పచ్చముక్క పక్కన పెట్టి చూస్తారు.

రంగుల విషయంలో రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ వలయాలకూ ఇదే గతి పట్టింది. గడిగడికీ ఒకదానిలో ఒకటిగా రంగు వలయాలున్న 1913 నాటి ఆ చిన్న కాగితం ఏ రంగు పక్కన ఏ రంగు ఎలా మారుతుందో చూసుకోవడానికి ఆయన చేసిన సాధన. మనం దాన్ని పన్నెండు గళ్ల అలంకరణగా మార్చేశాం.

వయసు సంగతి కూడా ఆలోచించాలి. నాలుగైదేళ్ల పిల్లలకు ఏ చిత్రకారుడి పేరూ అక్కర్లేదు. అమ్మను ఇంటికంటే పెద్దగా వేసే ధైర్యం వాళ్లకు ఉంది. అసలు అవసరం ఎనిమిది, తొమ్మిదేళ్ల దగ్గర మొదలవుతుంది. చూసింది చూసినట్టు రావాలని పట్టుదల పెరిగి, రబ్బరుతో చెరిపి చెరిపి కాగితం చిరిగి, చివరికి 'నాకు బొమ్మలు రావు' అని వదిలేసే వయసది. అప్పుడు జామినీ రాయ్‌ని చూపించాలి. కలకత్తాలో పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని, అచ్చు మనిషిలాగే రూపచిత్రాలు వేయగలిగిన ఆయన, ఆ నైపుణ్యాన్ని పక్కనపెట్టి బెంగాల్ పటచిత్రాల లావు గీతకు, బాదంకాయ కళ్లకు వచ్చారు. పోలిక కుదరడమే బొమ్మకు కొలత కాదని తొమ్మిదేళ్ల పిల్లవాడికి అంతకంటే బాగా ఎవరు చెబుతారు? మన తోట వైకుంఠం వేసిన తెలంగాణ స్త్రీలూ ఆ వయసుకు తగినవారే. పెద్ద బొట్టు, ముదురురంగు చీర పిల్లలు రోజూ చూసేవే. కానీ ఆ ముఖాన్నీ జిరాక్సు తీసి పంచితే, మనవాడి బొమ్మ అయినంత మాత్రాన మేలేమీ జరగదు.

డ్రాయింగ్ మాస్టార్లను మాత్రమే నిందించడం అన్యాయం. వారానికో పూర్తయిన బొమ్మ ఇంటికి రావాలని, అది ఫోనులో బంధువులకు పంపేలా ఉండాలని కోరుతున్నది తల్లిదండ్రులే. మాతిస్ పాఠం సరిగ్గా చెప్పాలంటే రెండు మూడు తరగతులైనా పడుతుంది. మొదటివారం ఇంటికి వచ్చేది చేతులకు అంటిన రంగే. ఆ వారం ఏమీ రాలేదని అడగకుండా ఫీజు కట్టేవాళ్లు ఉంటే, జిరాక్సు కాగితాలు మానేయడానికి సిద్ధంగా ఉన్న మాస్టార్లు మన ఊళ్లలో చాలామందే ఉన్నారు.